లిఫ్టు ఐదో అంతస్తుకి ఎప్పుడు చేరాలి?

మీ ప్రశ్న ఇదీ. మీ షార్ట్ ఫిల్మ్‌లో ఒక అమ్మాయి ఐదో అంతస్తులో ఎవరూ లేని ఫ్లాట్‌లో దూరి, కంప్యూటర్‌లోంచి ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటూ ఉంటుంది. ఇంతలో ఓనర్ వచ్చేస్తాడు. సీను నిమిషం యాభై సెకన్లు. టెన్షన్ కోసం స్లో మోషన్ పెట్టారు, గుండె చప్పుడు పెట్టారు, అయినా చూసినవాళ్లంతా "ల్యాగ్ ఉంది బ్రో" అన్నారు. పెద్ద సినిమాల్లో టైమర్ మీద పది సెకన్లున్న బాంబు నిమిషం దాకా పేలకపోయినా ఎవరూ కిక్కురుమనరు, మా సీనుకి వచ్చేసరికి ఎందుకు విసుక్కుంటున్నారు అని మీ బాధ.

మీరు షాట్లని సాగదీశారు. సాగదీయాల్సింది ఎదురుచూపుని. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఎడిటింగ్‌లోకి వచ్చిన కొత్తలో అందరం ఇక్కడ పడతాం, నేనూ పడ్డాను. బస్టాపులో పది నిమిషాలు గంటలా గడుస్తాయి, ఎందుకంటే బస్సు రావాలి, ఆఫీసుకి టైమవుతోంది. మీ సీన్లో రావాల్సిన బస్సేదో ప్రేక్షకుడికి చెప్పనే లేదు. ఓనర్ వస్తున్నాడని మనకి తెలిసేది తలుపు తెరుచుకున్నాకే. అప్పటిదాకా నిమిషంన్నర పాటు, ఏం జరగబోతోందో తెలియని మనిషికి మౌస్ మీద వేళ్లు స్లో మోషన్‌లో చూపిస్తున్నారు. అతను పాపం ఏం చేస్తాడు, ఫోన్ తీస్తాడు.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోకి ఇచ్చిన ఇంటర్వ్యూల్లో చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ మీరు వినే ఉంటారు. ఇద్దరు మాట్లాడుకుంటూ ఉండగా బాంబు ఢామ్మని పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు పెట్టడం ముందే చూపించి ఆ తర్వాత అవే కబుర్లు వినిపిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్. సినిమా క్లాసుల్లో నలిగి నలిగి అరిగిపోయిన ఉదాహరణే కానీ, దీన్ని అందరూ రైటర్‌కి సంబంధించిన సంగతి అనుకుంటారు. ఎడిటింగ్ టేబుల్ మీద ఇది ఒక షాట్‌ని ముందుకి జరిపే పని, అంతే. మీరు ఓనర్ బండి పార్క్ చేయడం, లిఫ్ట్ ఎక్కడం తీసి కూడా "బోర్‌గా ఉన్నాయని" తీసేశామన్నారు చూడండి, మీ బాంబు అక్కడుంది. దాన్ని చెత్తబుట్టలో వేశారు.

నాకు ఈ పాఠం ఒక పాము నేర్పింది. తొంభైల్లో మాట, నేను అసిస్టెంట్‌ని, ఇంకా ఫిల్ము మీదే పని. ఊరి కథ. పాక లోపల ఉయ్యాలలో పసిబిడ్డ, గడప మీంచి పాము లోపలికి వస్తుంది. స్క్రిప్టులో ఒకే ఒక్క లైను: "పాము ఉయ్యాల దాకా వచ్చి వెళ్లిపోతుంది." షూటింగ్‌లో పాము చెప్పినట్టు వినలేదు. రెండు పూటలు తీస్తే పనికొచ్చింది నలభై అడుగుల ఫిల్ము. 35 ఎం.ఎం.లో అడుగుకి 16 ఫ్రేములు (బొమ్మలు), సెకనుకి 24, అంటే నిమిషానికి 90 అడుగులు. నలభై అడుగులంటే ఇరవయ్యారు సెకన్ల పైచిలుకు. డైరెక్టర్‌కేమో రెండు నిమిషాలు కావాలి.

మా గురువుగారు, అంటే సినిమా ఎడిటర్, ఆ పూట ఊరెళ్తూ నన్ను ఒక కట్ వేసి చూపించమన్నారు. నేను ఉత్సాహంగా పాము షాట్లన్నీ వాడేశాను, చాలక ఒకటి రెండోసారి కూడా వాడాను, మధ్యమధ్య బిడ్డ ముఖం. మర్నాడు స్టీన్‌బెక్ (ఫిల్ము ఎడిటింగ్ మెషీన్) మీద వేసి చూపిస్తే ఆయన నవ్వాపుకోలేకపోయారు. "పాము వెనక్కి నడిచిందేంట్రా?" గది మధ్యకి వచ్చిన పాము తర్వాతి షాట్‌లో మళ్లీ గడప దగ్గరుంది. తర్వాత ఆయన అడిగింది బిడ్డ షాట్లు కాదు, తల్లి షాట్లు. ఇంకెక్కడిదో సీను కోసం తీసిన ఎన్‌జీ (నో గుడ్, పనికిరానివి) డబ్బాలో తల్లి బావిలో నీళ్లు తోడే షాట్లు రెండున్నాయి, కొంగు జారిందని డైరెక్టర్ పక్కన పెట్టేసినవి. వాటిని తెప్పించారు. గడప మీద పాము. బావి దగ్గర తల్లి, చేద కిందికి వెళ్తోంది. పాము పూర్తిగా లోపలికి. తల్లి తాడు లాగుతోంది, గిలక కిర్రుమంటోంది, పక్కింటావిడ ఏదో అడిగితే ఆగి నవ్వుతూ జవాబు చెబుతోంది. అక్కడ ఆయన ఆ నవ్వుని కత్తిరించలేదు. ఏడడుగులు, దాదాపు ఐదు సెకన్లు అలాగే ఉంచారు. సినిమా రిలీజయ్యాక ఊళ్లో టూరింగ్ టాకీస్‌లో చూశాను. ఆ నవ్వు దగ్గర నేల టికెట్‌లో ఒకావిడ లేచి నిలబడి "ఓసేయ్, తర్వాత నవ్వుదువుగానీ ఇంట్లోకి పోవే!" అని అరిచింది.

తల్లి నవ్వుతున్నంతసేపూ పాము ఎంత దూరం పాకిందో ఎవరూ కొలవలేదు. మనం ఇటు వచ్చినప్పుడు అటు కాలం ఆగిపోయింది, తిరిగి వెళ్లేసరికి నాలుగు బెత్తెలు మాత్రమే కదిలింది. రెండు చోట్ల జరిగేదాన్ని మార్చిమార్చి చూపించే ప్యారలల్ కటింగ్‌లో అసలు మతలబు ఇదే. అమెరికాలో దర్శకుడు గ్రిఫిత్ 1909లోనే 'ది లోన్లీ విల్లా' అనే చిన్న సినిమాలో ఇలా చేశాడు. ఇంట్లో భార్యాపిల్లలు, తలుపు పగలగొడుతున్న దొంగలు, ఎక్కడో దూరంగా పరుగెత్తుకొస్తున్న భర్త. మూడు చోట్ల ఒకేసారి జరుగుతున్నదాన్ని ఒకదాని తర్వాత ఒకటి చూపించక తప్పదు కాబట్టి ఇరవై సెకన్ల పని అరవై సెకన్లవుతుంది. అయినా చూసేవాడు ఒకే సమయంలో జరుగుతున్నట్టే నమ్ముతాడు.

మీ టైమర్ బాంబు ప్రశ్నకి కూడా ఇదే జవాబు. ప్రేక్షకుడు వరుస తప్పితే పట్టేస్తాడు, నిడివి తప్పితే పట్టడు. 7 తర్వాత 6 వచ్చిందా లేదా అన్నది చూస్తాడు. 7కీ 6కీ మధ్య మూడు ముఖాలు, ఒక ఎర్ర వైరు, చెమట పట్టిన చెయ్యి వచ్చి ఎనిమిది సెకన్లు గడిచినా లెక్కపెట్టడు. 7 తర్వాత 8 కనిపిస్తే మాత్రం థియేటరంతా గొల్లుమంటుంది. నా పాములాగే.

అలాగని అంకెలు ఎడాపెడా చూపించకండి. 'హై నూన్' (1952) సినిమా మొత్తం 85 నిమిషాలు, కథ కూడా దాదాపు అంతే సేపు జరుగుతుంది. పన్నెండు గంటల రైలుకి విలన్ దిగుతాడు, ఊళ్లో ఎవరూ మార్షల్ (ఊరి పోలీసు అధికారి) పక్కన నిలబడరు. గోడ గడియారాలు మాటిమాటికీ కనిపిస్తాయి. కానీ పన్నెండు కొట్టబోయే ముందు వచ్చే కూర్పు చూడండి: చర్చిలో జనం, సారాకొట్టు, ఖాళీ రైలు పట్టాలు, ఊగుతున్న లోలకం, అంతకుముందు మనం కలిసిన ముఖాలన్నీ సంగీతం దెబ్బకి ఒక్కొక్కటిగా. అక్కడ కాలం దాదాపు నిలబడిపోతుంది. ఎల్మో విలియమ్స్, హ్యారీ గెర్‌స్టాడ్‌లకి దీనికి ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. అన్నట్టు, మన పాత సినిమాల టైటిల్స్‌లో ఎడిటింగ్‌ని 'కూర్పు' అని వేసేవాళ్లు. కోత కంటే ఆ మాటే సరైనదని నాకనిపిస్తుంది.

ఇక క్లోజప్‌లు. మీరు మొత్తం క్లోజప్‌లే తీశారు కాబట్టి ఇది మీకు కావాలి. క్లోజప్ కాలాన్ని ఎందుకు సాగదీస్తుందంటే, అందులో దూరం కనపడదు. వైడ్ షాట్‌లో మనిషి చెయ్యి తుపాకీకి ఎంత దూరంలో ఉందో చూసేవాడికి తెలిసిపోతుంది, పట్టే టైము కూడా తెలిసిపోతుంది. దగ్గరగా వేళ్లు మాత్రమే చూపిస్తే ఆ కొలత పోతుంది. దర్శకుడు సెర్జియో లియోనె 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) చివర శ్మశానంలో ముగ్గురు నిలబడే సీనులో తుపాకులు తీసి పేల్చడానికి పట్టేది క్షణం. దాని ముందు నిమిషాలకి నిమిషాలు కళ్లు, చేతులు, ఒరలు. కానీ మొదట ఆయన ముగ్గురూ ఎక్కడెక్కడ నిలబడ్డారో బాగా దూరం నుంచి, తీరిగ్గా చూపించాడు. ఆ తర్వాతే దగ్గరికి వెళ్లాడు, షాట్లు చిన్నవి చేస్తూ పోయాడు. మీరు మొదటి భాగం వదిలేసి రెండోదానితో మొదలుపెట్టారు. గదిలో తలుపెక్కడుందో, కంప్యూటరెక్కడుందో ఇప్పటికీ నాకు తెలియలేదు.

సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' (1925)లో ఒడెస్సా మెట్ల మీద కాల్పుల సీను కూడా ఈ కోవదే. ఆ మెట్లు నిజానికి 192. పరుగెత్తి దిగేవాడికి ఎంతసేపు? సినిమాలో సైనికులు దిగుతూనే ఉంటారు, మెట్లు అయిపోవు, ఎందుకంటే ఎన్ని దిగారో, ఎన్ని మిగిలాయో తెలిపే షాట్ మన చేతికి ఇవ్వడు. అదే సినిమాలో ఒక నావికుడు కోపంతో పళ్లెం పగలగొట్టే చోట, చెయ్యి ఎత్తిన కదలిక కొంత మళ్లీ వచ్చేలా ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి కూర్చాడు. ఇది ఓవర్‌ల్యాప్. నా చేతి లెక్క చెబుతాను: రెండు మూడు ఫ్రేములు కలిసినా కంటికి తెలియదు, పైగా కట్ మెత్తగా వస్తుంది. ఎనిమిది దాకా అయితే ఆ క్షణం కొంచెం బరువెక్కినట్టు ఉంటుంది. పన్నెండు దాటితే "మళ్లీ చూపించారు" అని తెలిసిపోతుంది. మన మాస్ సినిమాల్లో హీరో తల తిప్పడం మూడు యాంగిల్స్‌లో మూడుసార్లు వచ్చేది ఇదే. తెలిసీ చేస్తారు, విజిల్ కోసం. సస్పెన్స్ కోసం కాదు.

టీవీ సీరియల్స్ సంగతి కూడా చెప్పాలి, మీ సీను చూస్తుంటే నాకు అవే గుర్తొచ్చాయి, ఏమీ అనుకోకండి. అత్తగారు ఒక మాట అంటుంది. హాల్లో ఉన్న ఆరుగురి ముఖాలు, ఒక్కొక్కటి మూడేసి సార్లు, ఉరుములతో. కాలం బాగానే సాగింది, టెన్షన్ మాత్రం లేదు. ఆరు ముఖాల్లోనూ ఒకటే విషయం ఉంది: ఆశ్చర్యపోయారు. ఒకామె ఆశ్చర్యపోకుండా చేతిలో ఉత్తరం చీర మడతలోకి దోపుకుని ఉంటే ఆ ఒక్క షాట్ మిగతా పదిహేడింటి విలువ చేసేది. మీ సీన్లో అమ్మాయి ముఖం తొమ్మిదిసార్లు వచ్చింది, తొమ్మిదిసార్లూ భయపడుతోంది.

ఇప్పుడు మీ రషెస్‌తోనే, అంటే మీరు తీసిన షాట్లతోనే, మళ్లీ కడదాం. మీరు చెప్పినదాన్ని బట్టి లిఫ్టు సెల్లార్ నుంచి ఐదో అంతస్తుకి 22 సెకన్లు.

మొదట గది మొత్తం వైడ్‌లో, తలుపూ కంప్యూటరూ ఒకే ఫ్రేములో. అమ్మాయి పెన్ డ్రైవ్ పెడుతుంది. గోడ మీద ఓనర్, వాళ్లావిడ ఫొటో, సెకనున్నర చాలు. ఇది లేకపోతే సెల్లార్‌లో ఎవడో హెల్మెట్ తీస్తే మనకేంటి? తర్వాత సెల్లార్: బండి స్టాండ్ వేసి, హెల్మెట్ తీసి, ఫొటోలోని మనిషి తల దులుపుకుని లిఫ్టు బటన్ నొక్కుతాడు. ఇక్కడ మ్యూజిక్ వద్దు. మళ్లీ గదిలోకి. ఇప్పుడు మీకు కావాల్సింది భయపడని అమ్మాయి. షాట్ మొదలవకముందు ఆ నటి ఫోన్ చూసుకుంటూ నవ్విన ముక్క ఏదైనా ఉందేమో వెతకండి. యాక్షన్ చెప్పకముందు, కట్ చెప్పాక కెమెరా తిరుగుతూనే ఉంటుంది, అక్కడ బంగారం దొరుకుతుంది. అది ఆరు సెకన్లు, కట్ లేకుండా. అతను లిఫ్టు బటన్ నొక్కాడని మనకి తెలుసు, ఆ పిల్లకి తెలియదు. ఆ ఆరు సెకన్లే మీ సీనుకి ఊపిరి.

రెండో అంతస్తులో లిఫ్టు ఆపండి. ఇది కొత్తగా తీయాలి, అరగంట పని. ఒక ఆంటీ కూరగాయల సంచితో లిఫ్టు తలుపు పట్టుకుని, ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ ఉంటుంది. ఓనర్ మర్యాదస్తుడు, నవ్వుతూ నిలబడతాడు. లిఫ్టు అరుస్తుంది, "ప్లీజ్ క్లోజ్ ది డోర్". హిచ్‌కాక్ 1936లో 'సాబొటాజ్'లో ఇలాగే చేశాడు. ఒక పిల్లాడు బాంబని తెలియక పార్సిల్‌నీ, ఫిల్ము డబ్బాలనీ మోసుకెళ్తుంటే దారిలో వీధి వ్యాపారి ఆపేస్తాడు, ఊరేగింపు అడ్డమొస్తుంది. ఆలస్యానికి కథలో కారణం ఉంటే దాన్ని ఎవరూ ల్యాగ్ అనరు. అక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది: అంత సాగదీశాక పిల్లాడు చచ్చిపోతాడు, జనానికి కోపమొచ్చింది, అది పొరపాటని హిచ్‌కాకే తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ లిఫ్టు గొంతు ఇక్కడ లిఫ్టులో గట్టిగా వినిపించి, తర్వాతి షాట్‌లో గదిలోకి సన్నగా పాకాలి. అమ్మాయి తలెత్తుతుంది. ఇప్పటిదాకా మనకొక్కళ్లకే తెలుసు, ఇక్కడి నుంచి ఆమెకీ తెలుసు. ఇక షాట్లు కురచవ్వాలి: మూడు సెకన్లవి రెండు సెకన్లకి, రెండు సెకన్లవి ఒక సెకనుకి. కాపీ బార్ ఇప్పుడు, మొదటిసారి, దగ్గరగా. తొంభై దాటింది, కానీ కదలట్లేదు. లిఫ్టు అంకె 4. ఆమె చెయ్యి పెన్ డ్రైవ్ మీద, లాగాలా వద్దా. ఇదొక్కటే చోట స్లో మోషన్ ఉంచితే నాకు అభ్యంతరం లేదు, అది కూడా లేకపోతే ఇంకా మంచిది. మామూలు స్పీడులో తీసిన షాట్‌ని సాఫ్ట్‌వేర్‌లో సగానికి తగ్గించారు కాబట్టి కదలిక జిడ్డుగా వస్తోంది.

గుండె చప్పుడు తీసేయండి. దాని బదులు గదిలో నిజంగా ఉన్న ఒక శబ్దం ఎంచుకోండి, పాత సీలింగ్ ఫ్యాన్ టిక్కుమనడం లాంటిది, సీను మొదటి నుంచీ ఒకే వేగంతో. చెవికి అదే గడియారం. కట్లు ఎంత గందరగోళంగా ఉన్నా ఆ టిక్కు మారదు కాబట్టి చూసేవాడు కాలం సవ్యంగానే నడుస్తోందని నమ్ముతాడు. 'షోలే' (1975)లో ఠాకూర్ కుటుంబాన్ని చంపే సీనులో ఉయ్యాల కిర్రుమనే చప్పుడు గుర్తుందా? గబ్బర్ పిల్లాడి మీదికి తుపాకీ ఎత్తాక కాల్చడం చూపించరు, అక్కడి నుంచి రైలుకి కట్ అయిపోతుంది. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్‌లో 'షోలే'కి దక్కిన ఒకే ఒక్క అవార్డు ఎడిటర్ ఎం.ఎస్. షిండేది.

చివరికి తాళం. జేబులో చెయ్యి, తాళంచెవుల గుత్తి, మొదట పెట్టింది వేరే చెవి. సరైనది దూరడం బయటి నుంచి, గడియ కదలడం లోపలి నుంచి, ఈ రెంటికీ మధ్య ఎనిమిది ఫ్రేముల ఓవర్‌ల్యాప్. తర్వాత కటింగ్ ఆపేయండి. మొదటి షాట్ పెట్టిన చోటి నుంచే గది వైడ్, అమ్మాయి లేదు, ఫ్యాన్ తిరుగుతోంది కానీ టిక్కు వినిపించడం లేదు, తలుపు తెరుచుకుంటోంది. ఐదు సెకన్లు, వీలైతే ఏడు. ప్రతి కట్ ప్రేక్షకుడికి చిన్న ఊరట. ఇక్కడ ఆ ఊరట ఇవ్వొద్దు. అంత హడావుడి కట్ల తర్వాత కదలని షాట్ పడితే జనం ఊపిరి బిగబట్టడం నేను చాలాసార్లు చూశాను.

నా అంచనా ప్రకారం ఇదంతా కలిపి నిమిషం పావుకి వస్తుంది, అంటే ఇప్పుడున్నదానికంటే ముప్ఫై అయిదు సెకన్లు తక్కువ. చూసినవాళ్లు మాత్రం రెండు నిమిషాలన్నా ఉందంటారు. కట్ అయ్యాక కథ తెలియనివాళ్లని ముగ్గురిని కూర్చోబెట్టి వేయండి. మీరు స్క్రీన్ వైపు చూడకండి, వాళ్ల చేతుల వైపు చూడండి. చెయ్యి ఫోన్ మీదికి వెళ్లిన చోటల్లా టైమ్‌కోడ్ (వీడియోలో ఆ చోటి సమయం) రాసుకోండి, అక్కడికి రెండు షాట్ల ముందు ఏదో తప్పు జరిగి ఉంటుంది. మార్చిన కట్ పంపితే చూస్తాను, ఆంటీ షాట్ తీసేటప్పుడు మాత్రం లిఫ్టులో లోపలి అంకెల బోర్డు కూడా విడిగా తీసి పెట్టుకోండి, ప్రతి అంతస్తుదీ.